అమ్మ చేతికొచ్చిన రోడ్‌స్టర్

నా చిన్నప్పుడు మేము వెల్లింగ్టన్‌కి ఉత్తరాన ఉన్న పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. పక్కింటి షెడ్డులో ఒక పాత జర్మన్ కారు ఉండేది. రెండే సీట్లు, గుడ్డ టాపు, ముదురు ఆకుపచ్చ రంగు. ఎండ కాసిన శనివారాల్లో పక్కింటి ఆంటీ దాన్ని బయటికి తీసి, టాపు వెనక్కి మడిచి, ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చేవారు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుండే ఆ చప్పుడు వినగానే, చేతిలో ఏముంటే అది వదిలేసి కంచె దగ్గరికి పరుగెత్తేదాన్ని.

ఆంటీ కివీ ఆవిడ, అంటే ఆ దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఒక చిన్న బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. పొడుగ్గా, కాస్త వంగి, ఎప్పుడూ మగవాళ్ళ టోపీ పెట్టుకుని ఉండేవారు. మా ఇంట్లో పోపు వేసిన వాసన వస్తే కంచె మీదుగా తల పెట్టి, ఇవాళ ఏం వండుతున్నారని అడిగేవారు. అడిగాక గిన్నె పంపకపోతే మా అమ్మకి తోచేది కాదు.

మా నాన్న యూనివర్సిటీలో మట్టి పరీక్షల గురించి పాఠం చెప్పేవాడు. అమ్మ పుట్టింది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున. పెళ్ళికి ముందు గుంటూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసింది. ఇక్కడికి వచ్చాక ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండి, చివరికి ఒకరోజు ఊళ్ళో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం సంపాదించుకుంది. ఆ కబురు తెలిసిన రోజు అమ్మ వంటింట్లో ఒంటరిగా పాట పాడుకోవడం నేను విన్నాను. అయితే పని తెల్లవారుజామునే మొదలు. అప్పటికి బస్సులు తిరగవు. నాన్న చాలా రోజులు పొలాల మట్టి తేవడానికి ఊరు వదిలి వెళ్తాడు. అంటే అమ్మ కారు నేర్చుకోక తప్పదు.

నాన్న నేర్పడం మొదలుపెట్టాడు. రెండు ఆదివారాలు బాగానే గడిచాయి. మూడో ఆదివారం అమ్మ బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కింది. కారు వెళ్ళి ఎవరిదో చెక్క కంచె విరగ్గొట్టి, వాళ్ళ క్యాబేజీ మడిలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు, బయటికొచ్చి అమ్మకి టీ కూడా ఇచ్చారు. మర్నాడు నాన్న వెళ్ళి కంచె బాగుచేసి వచ్చాడు. కానీ అమ్మ తాళం చెవి తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు.

నాన్న ఆమె వెంటపడి ధైర్యం చెప్పేవాడు. "ఏం కాదు, భయమెందుకు? ఇక్కడ రోడ్లన్నీ ఖాళీయేగా. పదహారేళ్ళ పిల్లలు నడిపేస్తున్నారు," అనేవాడు. ఆయన మంచి మనసుతోనే అనేవాడు. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ అమ్మ ముఖం ఇంకాస్త ముడుచుకుపోయేది. ఒక రాత్రి భోజనాల దగ్గర, "సోమవారం ఆసుపత్రికి ఫోన్ చేసి రానని చెప్పేస్తానండీ. నా వల్ల కాదు," అంది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

మర్నాడు ఈ సంగతంతా కంచె దగ్గర నిలబడి ఆంటీకి చెప్పేశాను. చెప్పమని ఎవరూ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. ఆంటీ బట్టలు ఆరేస్తున్నారు. అయ్యో పాపమనో, మీ అమ్మకి నేను చెప్తాననో అనలేదు. క్లిప్పు పెట్టడం ఆపి, "మీ అమ్మకి సముద్రం ఇష్టమేనా?" అని మాత్రం అడిగారు.

శనివారం పొద్దున ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి, హిమటంగి బీచ్‌కి వెళ్తున్నాననీ, ఒంటరిగా పోవాలంటే విసుగ్గా ఉందనీ, మీరిద్దరూ రావాలనీ అడిగారు. అమ్మ కాదనలేక స్టీలు డబ్బాలో పులిహోర సర్దింది. చీర మీద స్వెటర్ వేసుకుని, తలకి స్కార్ఫు కట్టుకుంది. సీట్ల వెనక సంచీ పెట్టుకునేంత చోటు మాత్రమే ఉంది. అక్కడ నేను మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని అడ్డంగా ఇరుక్కున్నాను. ఆ రోజుల్లో బెల్టులూ పట్టింపులూ అంతగా లేవు. ఆ కారుకి ఇంజను వెనకవైపు ఉంటుంది. బయలుదేరిన కాసేపటికే నా వీపు పొయ్యి పక్కన కూర్చున్నట్టు వెచ్చబడింది.

దారి పొడుగునా ఆంటీ గాలి హోరుకి మించి గొంతెత్తి ఆ కారు చరిత్ర చెప్పారు. రోడ్‌స్టర్ అనే మాట మొదట్లో కారుకి పేరు కాదట. దూరప్రయాణానికి పనికొచ్చే గుర్రాన్ని అలా పిలిచేవారట. గుర్రాలు పోయాక ఆ పేరు గాలీ ఎండా ఒంటికి తగిలేలా పోయే చిన్న కార్లకి వచ్చిందట. ఈ కారు పుట్టింది యుద్ధం అయిపోయిన కొన్నాళ్ళకి, సగం ఇళ్ళు ఇంకా కూలిపడే ఉన్న ఒక జర్మన్ ఊళ్ళో. బియ్యానికీ బొగ్గుకీ కటకటలాడిన మనుషులు, మొండిగోడల మధ్య కూర్చుని, రేకుల్ని సుత్తులతో కొట్టి కొట్టి ఈ వంపులు తీర్చారని ఆవిడ చెబుతుంటే, నేను చెయ్యి జాపి తలుపు పైభాగం నిమిరాను. బియ్యం మాట మాకోసం చేర్చారేమో, వాళ్ళు తినేది రొట్టె కదా అని తర్వాత ఎప్పుడో తోచింది.

"అంత కష్టంలో ఉండి ఇలాంటి సరదా వస్తువు ఎందుకు చేశారు?" అని అమ్మ అడిగింది.

"నేనూ అదే అనుకునేదాన్ని. కష్టంలో ఉన్నారు కాబట్టే చేసి ఉంటారు," అన్నారు ఆంటీ.

మొదటి యజమాని సింగపూర్‌లో ఓడల వ్యాపారంలో ఉన్న ఒక ఇంగ్లీషాయన. ఆయన అడిగాడు కాబట్టే స్టీరింగు కుడివైపు పెట్టారు. ఈ కారు తలుపులకి అద్దాలుండవు. వాన వస్తే గుడ్డ తెరలు తగిలించుకోవాలి. సింగపూర్‌లో రోజూ మధ్యాహ్నం వాన పడుతుంది. ఆ తెరలు తగిలించేలోగా తడిసిపోయేవాడు కాబట్టి ఆయన ఎప్పుడూ గొడుగు పక్కన పెట్టుకునే నడిపేవాడట. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో స్టీరింగు పట్టుకున్నట్టు ఆంటీ చేసి చూపించారు. అమ్మ నవ్వింది. ఆ వారమంతటిలో అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

హిమటంగిలో ఇసుక నల్లగా, గట్టిగా ఉంటుంది. కార్లు నేరుగా దాని మీదికి దిగిపోతాయి. ఆ రోజు మా కారు తప్ప మరొకటి లేదు. కనుచూపు మేరా ఇసుక, కొట్టుకొచ్చిన దుంగలు, సముద్రపు పక్షులు. పులిహోర తిన్నాం. ఆంటీ మిరపకాయ కూడా వదల్లేదు. తరువాత లేచి ఎడమ చెయ్యి పట్టుకుని, మణికట్టు బెణికినట్టుందని అన్నారు. మెడలోని నీలం రుమాలు తీసి దానికి చుట్టుకున్నారు.

"గేరు మార్చలేను. అలలు పైకి వచ్చేలోగా కారుని ఇక్కణ్ణుంచి తీసెయ్యాలి. నువ్వే నడపాలి," అన్నారు అమ్మతో, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. అమ్మకి నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు ఉందని ఆవిడకి తెలుసు. వెళ్ళి పక్కసీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు.

అమ్మ చాలాసేపు సముద్రంకేసి చూసింది. తరువాత కారునీ, నన్నూ చూసింది. కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, చెప్పులు విడిచి నా ఒళ్ళో పెట్టి, స్టీరింగు ముందు కూర్చుంది.

ఇంజను స్టార్టయింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. నా తల టాపు ఊచకి తగిలింది. ఏం కాదు, భయపడకు అని ఆంటీ అంటారేమోనని చూశాను. ఆవిడ దూరంగా పక్షుల్ని చూస్తూ, "ఇంగ్లీషాయన సంగతి ఎక్కడిదాకా చెప్పాను?" అన్నారు.

"గొడుగు," అంది అమ్మ, తాళం చెవి మళ్ళీ తిప్పుతూ.

ఆయన ముసలితనంలో ఈ దేశానికి వచ్చేస్తూ కారుని ఓడలో వెల్లింగ్టన్ తెచ్చుకున్నాడట. అక్కడి గాలి మొదటి వారంలోనే టాపు ఎగరేసుకుపోయిందట. ఆంటీ ఇది చెబుతుండగా కారు మళ్ళీ గెంతి మళ్ళీ ఆగింది. ఆవిడ కథ ఆపలేదు. ఆయన దగ్గర కొన్నది గొర్రెలు మేపే ఒక రైతు. ఇంజను వెనక ఉంది కాబట్టి, ముందు డిక్కీలో ఆరోజే పుట్టిన గొర్రెపిల్లల్ని పడుకోబెట్టి తీసుకెళ్ళేవాడు. అతను ట్రక్కు కొనుక్కున్నాక దీన్ని గడ్డి షెడ్డులో పడేస్తే కోళ్ళు కాపురం పెట్టాయి. బడికి రాని పిల్లాడి కోసం ఆ ఇంటికి వెళ్ళిన హెడ్‌మిస్ట్రెస్సు, స్టీరింగు కిందినుంచి ఒక పెట్ట దిగి రావడం చూసి, ఈ కారు నాకిస్తారా అని అడిగింది.

"మీకు అప్పటికే నడపడం వచ్చా?" అంది అమ్మ. ఈసారి కారు ఆగలేదు. నెమ్మదిగా ఇసుక మీద కదులుతోంది.

"ఎక్కడ? నాకు నలభై దాటాయి. జన్మలో స్టీరింగు ముట్టుకోలేదు. ఆ రైతు మేత బీడులోనే నేర్చుకున్నాను. గొర్రెలన్నీ ఒక మూలకి చేరి, ఈవిడ ఎప్పుడు వెళ్తుందా అన్నట్టు నన్నే చూస్తుండేవి. ఇక రెండో గేరు వెయ్యి."

అమ్మ రెండో గేరు వేసింది. తరువాత ఎవరూ చెప్పకుండానే మూడోది వేసింది. స్కార్ఫు జారి మెడ మీద పడింది. ముడి ఊడిన జుట్టు నా ముఖానికి తగులుతోంది. పక్షులు గుంపుగా లేచి మాకు దారి ఇచ్చాయి. రోడ్డెక్కే దారి రాగానే ఆంటీ చెయ్యి చూపించారు. అమ్మ తలూపింది. కారు మాత్రం ఆ దారి దాటి నేరుగా ముందుకు పోయింది. తిప్పడం చేతకాలేదేమో అనుకున్నాను. ముందుకు వంగి అమ్మ ముఖం చూశాను. అమ్మ నవ్వుతోంది.

"ఇంకొంచెం దూరం వెళ్దామండీ," అంది తెలుగులో.

ఆంటీకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి వాలి కూర్చున్నారు.

ఆ రోజు ఇంటిదాకా అమ్మే నడిపింది. పచ్చిక బయళ్ళ మధ్య చదునైన రోడ్డు. ఎదురుగా పాల ట్యాంకర్ వచ్చినప్పుడు ముగ్గురం ఊపిరి బిగబట్టాం. అది దాటిపోయాక ముగ్గురం ఒకేసారి మాట్లాడాం. మా వీధిలోకి తిరిగేసరికి నాన్న గొట్టంతో చెట్లకి నీళ్ళు పెడుతున్నాడు. ఆకుపచ్చ కారునీ, అందులో అమ్మనీ చూసి అలాగే నిలబడిపోయాడు. నీళ్ళు ఆయన బూట్లలోకి పోతున్నాయి. అమ్మ కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, "ఏమండీ, ఆ ఫ్రిజ్ మీద తాళం చెవి కాస్త కిందికి తీసి పెట్టండి," అంది.

కారు దిగుతుంటే నేను ఒక విషయం గమనించాను. నీలం రుమాలు ఇప్పుడు ఆంటీ కుడిచేతికి ఉంది. నేను నోరు తెరవబోతే ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని కన్ను గీటారు. ఆ రహస్యం ప్రపంచంలో మా ఇద్దరికే తెలుసని చాలా ఏళ్ళు గర్వపడ్డాను.

అమ్మ ఆ ల్యాబులోనే పనిచేసి అక్కడే రిటైరయింది. వీడ్కోలు పార్టీ అయి నేను ఆమెని ఇంటికి తీసుకొస్తుంటే, ఇక దాచనక్కర్లేదనిపించి రుమాలు సంగతి చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు.

"రుమాలు నేను చూడలేదు కానీ, అలలు చూశాను కదే. ఆ పూట సముద్రం వెనక్కి పోతోంది. బాపట్ల దగ్గర పుట్టినదాన్ని, నాకా తెలియదు?" అంది.

"మరి తెలిసీ ఎందుకు నడిపావు?"

"నేను నడపగలనని మీ నాన్న రోజూ చెప్పేవాడు. ఆవిడ అలా చెప్పలేదు, సాయం అడిగింది. అంత పెద్దావిడ నాకోసం అంత అబద్ధమాడి అడిగితే, లేదని ఎలా అంటాను?"

అమ్మ మాట విన్నాకే ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైంది. అప్పట్నుంచి వెనకాడే మనిషికి ధైర్యం చెప్పడం మానేశాను. వాళ్ళతో నాకేం పని పడుతుందో ఆలోచించి, ఆ పని అడుగుతాను.

ఇప్పుడు ఇదే దేశంలో, మౌంట్ ఆల్బర్ట్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. తొమ్మిదేళ్ళ మనవడికి తెలుగు అంతా అర్థమవుతుంది, నోరు మాత్రం విప్పడు. ఒకసారి ఏదో పెళ్ళిలో వాడి యాస విని పిల్లలు నవ్వారట. ఎంత బతిమాలినా లాభం లేదని వాళ్ళమ్మ వదిలేసింది. ప్రతి ఆదివారం గుంటూరు నుంచి మా పిన్ని వీడియో కాల్ చేస్తుంది. నాకు ఈ మధ్య ఫోన్లో మాట సరిగా వినిపించడం లేదు. "ఒరేయ్, పిన్ని ఏమంటోందో నాకు కాస్త చెప్పు, నేనన్నది ఆవిడకి చెప్పు," అని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాను. మొదట్లో ఒక్కో మాట పంటికింద రాయిలా వచ్చేది.

పోయిన వారం నేనింకా ఏమీ చెప్పకముందే వాడు ఫోన్ అందుకుని, "గుంటూరు తాతమ్మా, మా ఇంట్లో పొద్దున్నుంచీ వాన పడుతోంది," అన్నాడు. పిన్ని కంగారుపడి, కప్పు ఎప్పుడు కూలింది నాన్నా, సామాన్లన్నీ తీశారా అని అడిగింది. నేను నవ్వాపుకోలేకపోయాను. వాడు ఒక్క క్షణం బిత్తరపోయి, తనన్నది తనకే అర్థమై, అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఇంట్లో కాదు, బయట అని సర్ది చెప్పి, ఆ వానలో తన క్రికెట్ మ్యాచ్ ఎలా ఆగిపోయిందో మొదలుపెట్టాడు. వాక్యాలు తలకిందులుగా వస్తున్నాయి. పిన్ని ఊఁ కొడుతోంది.

నా చెవుల సాకు ఇక వాడికి అక్కర్లేదని తెలిసి, టీ పెట్టుకుందామని లేచాను.