బాత్రూం ముందర ముగ్గు

మా ఆయన పోసే దోసెలు చిన్నవైపోయిన రోజే ఏదో తేడా వచ్చిందని నాకు తెలియాల్సింది. సత్యవేడు బస్టాండు దగ్గర మాకు టిఫిన్ అంగడి ఉండేది. ఆయన పెనం నిండా గరిటె తిప్పే మనిషి. ఆ రోజు ఎంత తిప్పినా పిండి నడిమధ్యలోనే ఆగిపోయింది. రోజూ వచ్చే బస్సు డ్రైవరు ప్లేటు చూసి నవ్వాడు.

"ఏమప్పా, యాపారంలో మిగలడం ల్యాదా? దోసె అడిగితే అప్పళం పోసినావే!"

మా ఆయనా నవ్వబోయాడు. ముఖం సరిగా కదలలేదు. నేను పిండి గట్టిగా ఉందేమోనని ఇన్ని నీళ్ళు కలిపాను.

తర్వాత కుడిచెయ్యి బిగుసుకుంది. ఊళ్ళో డాక్టరు ఫ్రోజన్ షోల్డర్ అన్నాడు. ఎక్స్‌రేలు, ఎక్సర్‌సైజులు, నూనెలు అయ్యాయి. సాంబారు అడుగంటినా ఆయనకు వాసన తెలియకపోతే జలుబు అనుకున్నాం.

చివరికి తిరుపతిలో న్యూరాలజిస్టు ఆయన్ను వరండాలో నడిపించి చూశాడు. వేళ్ళు తట్టించాడు. కాగితం మీద పేరు రాయమన్నాడు. పేరు పెద్దగా మొదలై, చివరికి వచ్చేసరికి చీమల్లా అయిపోయింది. నేను అప్పుడే రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్నాను. నావి పలక పట్టనంత పెద్దవి. ఆ కాగితం చూశాక దోసెల సంగతి నాకు అర్థమైంది.

"ఇది పార్కిన్సన్స్ అమ్మా. పూర్తిగా పోయే జబ్బు కాదు. మందులతో మేనేజ్ చేస్తాం. టాబ్లెట్ టైము తప్పకూడదు, మీ అంతట మీరు ఆపకూడదు" అన్నాడు డాక్టరు.

టాబ్లెట్లతో కొంతకాలం బాగున్నాడు. మళ్ళీ పెనం దగ్గర నిలబడ్డాడు కూడా. ఆ తర్వాత కాళ్ళు నేలకు అతుక్కోవడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ బాత్రూం తలుపు దగ్గరికి రాగానే నిలిచిపోయేవాడు. "రాయ్యా" అని చెయ్యి పట్టి లాగేదాన్ని. ఒకరోజు మనిషి వచ్చాడు, కాళ్ళు రాలేదు. నా మీదే పడ్డాడు. లుంగీ తడిసిపోయింది.

ఆనాటి నుంచి నీళ్ళు తాగడం మానేశాడు. "తాగితే పోవాల గదా" అన్నాడు. బెడ్‌పాన్ అంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేరాం. ఆ తలుపు దాకా ఆయన తానుగా నడిస్తే చాలు, నాకు వేరే కోరిక లేకపోయింది.

అక్కడ ఫిజియోథెరపిస్టు అమ్మాయి చెప్పింది: "లాగద్దమ్మా. దీన్ని ఫ్రీజింగ్ అంటారు. నేల మీద అడ్డగీతలు పెట్టండి. దాటాలని చూస్తే కాలు లేస్తాది."

ఇంటికొచ్చి ముగ్గుపిండి తీశాను. ముగ్గు తొక్కకూడదన్నది ఆయనకు చిన్నప్పటి అలవాటు. మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా అడుగుకొక గీత వేశాను. మా ఆడబిడ్డ బుగ్గలు నొక్కుకుంది.

"వదినా, బాత్రూం ముందర ముగ్గేంది? లక్ష్మీదేవిని యాడికి పిలస్తా ఉండావు?"

"ఆమె రాకపోయినా ఏం కాదులే. మీ అన్న లోపలికి పోతే సాలు."

ఆయన గీతను చాలాసేపు చూశాడు. కాలు లేచింది. దాటాడు. ఇంకోటి దాటాడు. వెనక్కి తిరగకుండానే, "తొక్కలేదు గదే?" అన్నాడు.

పిండి మీద తడికాలు జారబోయిందని ఇప్పుడు సుద్దతో గీస్తున్నాను. అంగడి మూసేశాం. టాబ్లెట్ పట్టు తగ్గే వేళల్లో గీతలున్నా నిలిచిపోతాడు. నీళ్ళు మాత్రం తాగుతున్నాడు. పొద్దున వాకిలి ముగ్గు అయ్యాక వంగి మళ్ళీ ఇంట్లో గీతలు గీయాలి. అలసిపోయాను, ఆ మాట దాచుకోను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా కాళ్ళు అతుక్కుంటే లాగకండి, కసరకండి. పక్కన నిలబడి, దాటడానికి ఒక గీత చూపించండి. గీత లేకపోతే మీ పాదమే అడ్డంగా పెట్టండి.

నిన్న నడుము లేవక నేను గీతలు గీయలేదు. ఆయన తలుపు దగ్గర నిలబడి, "ఏమే, ముగ్గు యాడ?" అన్నాడు. వెళ్ళి నా పాదం పెట్టాను. దాన్ని తొక్కకుండా దాటి, లోపలికి పోయి, తలుపు తానే దగ్గరికి వేసుకున్నాడు.