తాళం తిరిగి తీసుకోని అత్త

పోయిన సోమవారం మా మేనత్త చనిపోయింది. ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేసి, "అక్క ల్యాదు పాపా. ఇంక అంగట్లో నన్ను తిట్టేదానికి ఎవురూ ల్యారు" అని ఏడ్చాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

మామయ్య పోయాక అత్త కుప్పం నుంచి పుంగనూరుకు, పుట్టింటికి వచ్చేసింది. తాత పెట్టిన ట్రాక్టర్ షోరూమ్‌లో నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆడమనిషికి ఇంజన్ల గొడవ ఎందుకని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. ఆమె కుచ్చిళ్లు దోపి, అమ్మిన బండి తానే తోలుకుని తంబళ్లపల్లె దాకా పోయి, బస్సులో తిరిగొచ్చేది.

టైల్స్ చూసి రైతులు చెప్పులు బయట విడిస్తే అత్తకు ఒళ్లు మండేది. "ఇదేమన్నా గుడా అప్పా? సెప్పులేసుకోనే రాండి, బురదైతే మేం తుడుసుకుంటాం" అనేది. తాళం ఇచ్చేటప్పుడు మాత్రం ఒకటి అడిగేది. "తోలేదానికి ఇంట్లో ఇంకెవురికన్నా వస్తాదా? ఒక్కడికే వస్తే బండి ఆ ఒక్కడితోనే నిలిచిపోతాది." చాలామంది నవ్వేసేవాళ్లు. సదుం దగ్గరి రైతు ఒకాయన కూడా నవ్వాడు.

ఏడాది తిరక్కముందే ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఆయన భార్య ఎవరితోనో ట్రాక్టర్ తోలించుకుని మా దగ్గరికి వచ్చింది. "బాడుగకు దున్నితేనే మా ఇల్లు గడిసేది అక్కా. డ్రైవర్ను పెట్టుకునే శక్తి ల్యాదు. మీరే తీసుకోండి" అని తాళం బల్ల మీద పెట్టింది. గుర్రంకొండ వాళ్లెవరో పాత బండి కావాలని అడుగుతున్నారు కాబట్టి నాన్న సరేనన్నాడు.

అత్త ఆ తాళం తీసి మళ్లీ ఆమె చేతిలోనే పెట్టింది.

"బండి ఇచ్చేసి ఏం సేస్తావు?"

"కూలికి పోతా."

"కూలికి పొయ్యే కాళ్లు క్లచ్చి తొక్కలేవా? ఎక్కు."

"కిందా మీదా పడితే ఎవురక్కా జవాబు?" అన్నాడు నాన్న.

"నేనుండానులేరా."

షోరూమ్ వెనక ఖాళీ జాగాలో పాఠం మొదలైంది. ఆ రైతు భార్య రోజూ మొదటి బస్సుకే వచ్చేది. బండి ఎగిరెగిరి ఆగిపోయేది. ఒకనాడు మా ప్రహరీ మూల కూలగొట్టింది. ఆమె దిగబోతే అత్త, "గోడ మాదే, దిగొద్దు. వెనక్కి తియ్యి" అంది. నాన్న మింగలేక కక్కలేక చూస్తూ నిలబడ్డాడు. నాకైతే అత్తను చూసి గర్వంతో గుండె నిండిపోయింది. అంత ధైర్యం నాకెప్పుడొస్తుందా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె ఒంటరిగా ఊరికి బయల్దేరిన రోజు అత్త బండెక్కలేదు. "నేనెక్కితే నా మొగం సూస్తావు, రోడ్డు సూడవు" అంది. గేటు దాకా బాగానే వచ్చింది గానీ, రోడ్డు మీద లారీలను చూసి ఆమె బ్రేకు తొక్కి అట్లాగే ఉండిపోయింది. దిగేసి తాళం మళ్లీ మా చేతికిస్తుందేమోనని భయపడ్డాను. అత్త గబగబా రోడ్డు మధ్యలోకి నడిచింది. కొంగు నడుముకు బిగించి, రెండు చేతులూ చాచి, మదనపల్లె బస్సుకు అడ్డంగా నిలబడింది. డ్రైవర్ తల బయటపెట్టి కేకలేశాడు.

"రోంత నిలబడప్పా. ఆ యమ్మ పనికి పోతాండాది."

ట్రాక్టర్ మెల్లగా రోడ్డెక్కింది. అది సదుం దారిలో కనుమరుగయ్యేదాకా అత్త ఆ చేతులు దించలేదు.