పెనుకొండలో బావి చూపులు

1961, ఫాల్గుణమాసం, ఆదివారం. హాజరైనవారు: మా అవ్వ, ఆమె కొడుకైన మా మామ, పెళ్ళికొడుకునని అందరూ అంటున్న నేను.

ఆ కాలంలో పెళ్ళిచూపులంటే పిల్లను చూడడమేనని నాలాంటి అమాయకులు అనుకునేవాళ్ళు. హిందూపురంలో కొత్తగా గుమాస్తాగా చేరిన నేను, ఈసారి ఎలాగైనా పిల్ల ముఖం చూశాకే ఔననాలని గట్టిగా నిశ్చయించుకొని, ఇస్త్రీ చొక్కాతో పొద్దున పాసింజరెక్కాను. (పెనుకొండలో దిగేసరికి ఇంజను బొగ్గునుసికి ఆ చొక్కా ఏ రంగో చెప్పడం కష్టమైంది.) పిల్లవాళ్ళ తోట కొండకింద, పాత కోటగోడను ఆనుకొని ఉండేది. రాజులేలిన ఊరు కదా, కోట చూద్దామని మామ. పిల్లను చూద్దామని నేను. అవ్వ మాత్రం కాళ్ళయినా కడుక్కోకుండా నేరుగా బావి దగ్గరికి నడిచింది.

"ఎండాకాలం నీళ్ళుంటాయా అప్పా?" అని అవ్వ, పిల్ల వాళ్ళ నాయనను అడిగింది.

"ఎప్పుడూ ఎండిందే లేదవ్వా."

"నోటిమాట వద్దు. తోడించు, ఊట చూస్తా."

ఆయన పాపం ఎద్దులను కట్టి కపిల తోలించాడు. (కపిల అంటే ఎద్దులు లాగే తోలుబాన.) మధ్యాహ్నం దాటాక నీళ్ళు అడుగంటాయి. అవ్వ గట్టుమీద చతికిలబడి, మళ్ళీ ఊరేదాకా కదలనంది.

"పిల్లను చూసేదానికి గదమ్మా వచ్చినాము?" అని మామ గొణిగాడు.

"పిల్ల యాడికి పోతాదిరా? కరువొస్తే మన ఎద్దులను తోలుకొచ్చి కట్టేసేది ఈడనే గదా! నీళ్ళు చూడొద్దా?"

నేను ఇంటివైపు మెడ సాచాను. తలుపు సందులో చీరకొంగు కనిపించింది, అంతే. ఊట సగం మెట్లకు చేరేసరికి సాయంత్రం పాసింజరు కూత వినిపించింది. "లెయ్యండబ్బా, బండి పోతాది!" అంటూ అవ్వే ముందు పరుగెత్తింది. బండి కదిలాక, తమలపాకు నములుతూ తీర్పు చెప్పింది: "నీళ్ళు తియ్యగుండాయి. సంబంధం ఖాయం."

"అవ్వా, పిల్ల ఎట్లుండాదో నేను చూడనే లేదే!"

"నేనూ చూడలేదులేరా" అంది.

(ఆనాటి డైరీలో నేను రాసుకున్నది ఒకటే వాక్యం: నీళ్ళు బాగున్నాయి.)

మరునాడు ఉదయం ఆఫీసుకు సెలవుచీటీ పంపి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా అదే పాసింజరెక్కాను. తోటలో కపిల తోలుతున్నది ఆ పిల్లే. నన్ను చూసి ఎద్దులను ఆపింది.

"ఏమప్పా, రాత్రికి ఎంత ఊరిందో చూసేదానికి వచ్చినావా?" అంది, నవ్వు దాచుకుంటూ.

నేను ఔనని తలూపి, బుద్ధిగా బావిలోకి తొంగిచూశాను. అలా తొంగిచూసిన ఆనాటి కుర్రవాడు గుర్తొస్తే ఇప్పటికీ వీపు తట్టి, "బావిలోకి కాదు నాయనా, ఇటు చూడు" అని చెప్పాలనిపిస్తుంది.