ఒక కూన ఎక్కువ

మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక వనం ఉంది. కలకత్తాలో సాల్ట్ లేక్ దాటాక, అపార్టుమెంట్లు ఆగిపోయి చెరువులు మొదలయ్యే చోట, చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, లోపల ఒక నడకదారి చేసి వదిలేశారు. రెండు చెరువులు, వెదురు పొదలు, మనిషెత్తు జమ్ము, లెక్కలేనన్ని కొంగలు. గేటు దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. కెమెరాతో వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు దాని చివరి గడిలో ఆ రోజు ఏమేం చూశారో రాయాలి. నా జీవితంలో ఇంత అనువైన గడి నాకు ఎవరూ ఇవ్వలేదు.

నేను అబద్ధాలు చెప్పనని ముందే మనవి చేసుకుంటున్నాను. ఉన్నదానికి కాస్త ఉప్పూ కారం తగిలిస్తానంతే. ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో పనిచేసిన మా నాన్న, ఓడలోంచి ఏనుగు దిగిన కథ చెప్పేవాడు. ఏటేటా ఆ ఏనుగు కొంచెం పెరిగేది. నా పెళ్లి నాటికి అది ఓడ కంటే పెద్దదైంది. ఆయన నుంచి నాకు వచ్చిన ఆస్తి అదే.

కెమెరా మాత్రం మా తమ్ముడిది. వాడు కొత్తది కొనుక్కుని పాతది నాకు పడేశాడు. జూమ్ సగం దాకా వెళ్లి ఆగిపోతుంది. మూడేళ్లుగా ఆఫీసుకు వెళ్లేముందు పొద్దున్నే వెళ్లి తీస్తున్నాను. నా ఫొటోల్లో లకుముకిపిట్ట ఎప్పుడూ అప్పుడే ఎగిరిపోయి ఉంటుంది. అది వాలిన కొమ్మ మాత్రం చాలా స్పష్టంగా వస్తుంది. అందుకే రిజిస్టర్లో రాసి ఆ లోటు తీర్చుకునేదాన్ని. రెండు లకుముకిపిట్టలు ఒక చేప కోసం కొట్టుకుంటుంటే మూడోది వచ్చి తన్నుకుపోయిందని ఒకరోజు, ఉడుము నా చెప్పు వాసన చూసి తుమ్మిందని ఇంకోరోజు. గేటు కాపలా ఆయన్ని అందరిలాగే నేనూ దాదా, అంటే అన్నా, అంటాను; ఆయన కళ్లజోడు పెట్టుకుని వాటిని పైకి చదువుకునేవాడు. నమ్మేవాడో లేదో తెలీదు కానీ, రోజూ పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చేవాడు.

ఆ చైత్రంలో ఒక ఆదివారం వనంలో ఏమీ లేదు. ఎండకి కొంగలు కూడా ఎటో పోయాయి. వెనక చెరువు దగ్గర ఊరికే జమ్మునే నలభై ఫొటోలు తీసి, నీరసంగా గేటు దగ్గరికి వచ్చాను. అక్కడ సెక్టర్ ఫైవ్ ఐటీ కుర్రాళ్లు ఇద్దరు, మోచేయంత లెన్సులు మెళ్లో వేసుకుని నిలబడ్డారు. ఒకడు నా కెమెరా వంక చూసి, "ఆంటీ, దీనికంటే మొబైల్‌లో బాగా వస్తుంది కదా?" అన్నాడు. రెండోవాడు నవ్వు ఆపుకోవడానికి ఆకాశం వైపు చూశాడు.

నేను రిజిస్టర్ ముందుకు లాక్కున్నాను. పెన్ను తీసుకున్నాను. "వెనక చెరువు, జమ్ము మొదట్లో బాఘ్‌రోల్. తల్లి, రెండు కూనలు. తల్లి నోట్లో చేప. చేప వదలకుండానే నన్ను చూసి గుర్రుమంది" అని బంగ్లాలో రాశాను. బాఘ్‌రోల్ అంటే నీళ్లలో దిగి చేపలు పట్టే అడవిపిల్లి. మన కాకినాడ మడ అడవుల వైపు బావురుపిల్లి అంటారు. ఈ దేశంలో దాన్ని చూశామని చెప్పుకోవడానికే జనం ఏళ్ల తరబడి బురదలో కూర్చుంటారు.

కుర్రాళ్ల నవ్వు పోయింది. దాదా కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"సత్యి, దీదీ?"

"నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా దాదా?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. నేను బయటపడ్డాను.

నాలుగు రోజుల తరువాత వెళితే వెనక చెరువు చుట్టూ నైలాన్ తాడు కట్టి ఉంది. కూనలున్న జంతువు ఉంది, లోపలికి రాకూడదు అని బోర్డు. పైఆఫీసు వాళ్లు రిజిస్టర్ చదువుతారని నాకు అంతవరకు తెలీదు. మొదట, దాచడం ఎందుకు, కాస్త గర్వంగానే అనిపించింది. నాన్న ఏనుగుకి ఎవరూ బోర్డు పెట్టలేదు.

గేటు దాటి బయటికి వచ్చాక గర్వం దిగిపోయింది. కంచె పక్కన పిన్ని కూర్చుని ఉంది. చుట్టమేమీ కాదు, నేనే అలా పిలుస్తాను. మున్సిపాలిటీలో ఊడ్పు పని చేసి రిటైరైంది. వాళ్ల పెద్దలది శ్రీకాకుళం దగ్గర ఏదో పల్లె, తను పుట్టింది మాత్రం హౌరాలో టికియాపారా రైలు పట్టాల పక్కన. ఏళ్ల నుంచి తెల్లారకముందే వచ్చి, కంచె సందులోంచి దూరి, వెనక చెరువు గట్టు మీద తూటికూర కోసి అమ్ముకుంటుంది. బెంగాలీలు దాన్ని కల్మీ అంటారు, వాళ్లకి అదంటే ప్రాణం. పొద్దెక్కేలోగా బుట్ట ఖాళీ అయ్యేది. దాదా చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆ రోజు బుట్ట ఆమె పక్కనే బోర్లించి ఉంది.

"ఏటి పిన్నీ, ఇలా కూకున్నావు?"

"ఏటి సెయ్యమంటావు తల్లీ? తాడు కట్టీసినారు. ఎవరో మారాణి పులిపిల్లిని సూసిందంట. పిల్లల్తో సహా సూసిందంట. కళ్లు కాదవి, దుర్బిణీలు."

"మరి కూర?"

"గట్టు తాడు లోపలుండిపోనాది. ఈ వయసులో నాకింకో సెరువు ఎవులిస్తారే?"

ఆ మారాణి నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటితో, "ఎండగా ఉంది, నీడకి జరుగు" అన్నాను.

ఇంటికి వచ్చి కంప్యూటర్లో ఆ ఆదివారం తీసిన నలభై ఫొటోలూ తెరిచాను. నేను చెప్పింది పచ్చి అబద్ధమని ఒకసారి రూఢి చేసుకుంటే, దాదా దగ్గర ఒప్పేసుకోవడం తేలిక. జమ్ము, జమ్ము, నీళ్లు, నా వేలు, జమ్ము. ఇరవై ఆరో ఫొటో దగ్గర చేయి ఆగిపోయింది. జమ్ము మొదట్లో మట్టిరంగు ముద్ద. దాని మీద నల్లటి మచ్చలు. ఒక పక్క చెవిలాంటిది నిక్కి ఉంది.

మా ఆయన్ని పిలిచాను. ఈయన పాతికేళ్లుగా నా మాటల్లోంచి సగం కొట్టేసి మిగిలినది వింటాడు.

"ఏవండీ, ఇదేటో చూడండి."

"కుండ."

"కుండకి చెవుంటుందా?"

"మూతి పగిలిన కుండ. ఇంతకీ నువ్వు దాన్ని సూసినావా, లేదా? నాకొకటి సెప్పీసి మరి ఏడువు."

"చూడలేదు. చూశానని రాశాను. ఇప్పుడు చూస్తే ఉంది."

ఆయన నా నుదుటి మీద చేయి పెట్టి చూసి వెళ్లిపోయాడు. నేను మాత్రం రెండు రోజులు ఆ ముద్దతోనే కాపురం చేశాను. పెద్దది చేస్తే కుండ, చిన్నది చేస్తే పిల్లి. అన్నం తింటూ పిల్లి అనుకునేదాన్ని, ఆఫీసు బస్సెక్కేసరికి కుండయ్యేది. నిజంగానే కంటి చివర ఏదో కదిలి, అందుకే ఆ మాట నా చేతికి వచ్చిందేమో? చిన్నప్పుడు డాకులో నాన్న భుజం మీంచి ఏనుగుని చూసినట్టు నాకు ఇప్పటికీ గుర్తే. అది పుట్టింది ఆయన నోట్లోనని తెలిసి కూడా, దాని తొండం తడిగా ఉండటం గుర్తుంది. ఇలాంటి బుర్ర పెట్టుకుని ఏది ఒప్పుకోవాలి? పిల్లి లేకపోతే పిన్ని కూర నేను తీసేసినట్టు. ఉంటే, తాడు విప్పమనడం తప్పు.

మూడో రోజు కెమెరా పట్టుకుని పిన్ని దగ్గరికే వెళ్లాను. ఆ మారాణి నేనేనని ఈసారి చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "నాను అనుకున్నానులే," అంది. ఇరవై ఆరో ఫొటో చూపించాను. కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"ఓలమ్మా, ఇది నా గోనె కదే! కూర కింద పరుస్తాను. మచ్చలు సూడు, బురద. ఇగో, ఈ కొస ముడేసినాను."

చెవి పోయి ముడి అయింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "అయితే అబద్ధమే పిన్నీ. ఇప్పుడే ఎల్లి దాదాతో చెప్పేస్తాను. నువ్వు రేపే కూర కోసుకో."

ఆమె నా చేయి పట్టుకుంది.

"అబద్దమని ఎవులన్నారు?"

"అదేటి?"

"ఉన్నాదే. ఎన్నో ఏళ్ల బట్టీ ఉన్నాది. అది ఆ గట్టు, నాను ఈ గట్టు. దాని పని అయిపోయి లోపలికి ఎల్లినాక నా పని. సేప పొలుసులు వొదిలీసి ఎల్తాది, నాను కడుగుతాను. సెప్తే తాడు కట్టీస్తారని నోరు మూసుకున్నాను. నువ్వు సూడకుండా సెప్పీసినావు."

కెమెరా వెనక్కి తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. నా ఫొటోలో ఉన్నది గోనె. నా మాటలో ఉన్నది పిల్లి. నేను చూసింది ఏదీ లేదు.

"కూనలు?" అని అడిగాను.

"ఒకటే. నువ్వొకటి ఎక్కువ సెప్పీసినావు."

అక్కడి నుంచి లేచి గేటు దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో తేల్చుకోకుండానే మొదలుపెట్టాను.

"దాదా, ఆ రోజు నేను రాసింది అబద్ధం."

"అంటే బాఘ్‌రోల్ లేదా?"

"ఉంది."

"చూశావా?"

"లేదు."

"మరి ఉందని ఎలా తెలుసు?"

"ఇందాకే తెలిసింది. చూసినవాళ్లు చెప్పారు. రాసినప్పుడు మాత్రం అబద్ధమే."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. "దీదీ, మూడేళ్లుగా నీ కథలు చదువుతున్నాను. అన్నీ అర్థమయ్యాయి. ఇదొక్కటే అర్థం కావడం లేదు. పైవాళ్లకి నేనేం చెప్పాలి?"

"తాడు తీయొద్దు. కూన ఉంది, ఒకటి. కానీ పిన్నికి గట్టు కావాలి. వాళ్లిద్దరూ ఎప్పటి నుంచో సర్దుకునే బతుకుతున్నారు. మధ్యలో దూరింది నేను."

దాదా కంచె వైపు చూశాడు. బోర్లించిన బుట్ట అక్కడి నుంచి కనిపిస్తోంది. "పై నుంచి ఆర్డరు," అన్నాడు. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. నేను రిజిస్టర్లో ఏమీ రాయకుండానే వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి బోర్డు బోర్డులాగే ఉంది. తాడు మాత్రం జమ్ము వైపు జరిగింది. ఈవలి గట్టు మొత్తం తాడుకి ఇవతల పడింది. పిన్ని నడుం వంచి కోసుకుంటోంది. పక్కన మచ్చల గోనె పరిచి ఉంది.

"ఇదెలా జరిగింది దాదా?"

"నైలాన్ తాడు కదా దీదీ, వాన పడితే దగ్గరికి లాక్కుంటుంది," అన్నాడు మొహం ఏమాత్రం మారకుండా.

పది రోజులుగా చుక్క వాన లేదు. నేను ఆకాశం వైపు చూశాను, ఆయనా చూశాడు. "అవును, పెద్ద వానే," అన్నాను.

చాలాసేపు పిన్ని పక్కన కూర్చుని అవతలి గట్టు చూశాను. జమ్ము ఒకచోట కదిలింది. గాలి లేదు. కెమెరా సగం ఎత్తాను.

"దించెయ్," అంది పిన్ని తలెత్తకుండా. దించేశాను. ఏదో చూశాను, లేకపోతే చూడాలన్న కోరికనే చూశాను. పక్కనున్న పిన్నిని అడిగితే చెప్పేదే. అడగలేదు.

గేటు దగ్గర దాదా పెన్ను మూత తీసి ఇచ్చాడు. చివరి గడి ముందు చాలాసేపు నిలబడ్డాను. వెనకాల ఇద్దరు కెమెరాలతో ఎదురుచూస్తున్నారు. చివరికి "తూటికూర, ఒక బుట్ట" అని రాశాను.

దాదా పైకి చదివాడు. మళ్లీ చదివాడు. "ఇంతేనా దీదీ? ఒంట్లో బాగుందా?" అన్నాడు.