హౌజులో నానబెట్టిన గుండు

నా చిన్నప్పుడు మేము ఆడుకున్న జాగా ఇప్పుడు మా మనవరాలి ఆఫీసు కింద ఉంది. ఈ మాట చెబితే అది నవ్వుతుంది. నవ్వనీ. నార్సింగి దాటి ఇటు వస్తుంటే రోడ్డుకి రెండు పక్కలా అద్దాల మేడలు కనిపిస్తాయి కదా, అవి లేచిన చోటల్లా ఒకప్పుడు మా గుట్టలే. ఒక్కో బండకి ఒక్కో పేరుండేది. బండల సందుల్లో సీతాఫలం పొదలు, తంగేడు చెట్లు, వాటి మధ్య మేకలు నడిచే దారులు. నాకు డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగాయి గానీ జ్ఞాపకం అరగలేదు. కళ్లకు గంతలు కట్టి వదిలినా ఏ బండ ఎక్కడుండేదో చెప్పగలను.

ఆ గుట్టల వెనక పాడుబడిన మిలిటరీ క్యాంపు ఒకటి ఉండేది. నేను పుట్టకముందు జరిగిన పెద్ద యుద్ధం రోజుల్లో సిపాయిలకు అక్కడ తుపాకులు, ఫిరంగులు పేల్చడం నేర్పేవారట. యుద్ధం అయిపోయాక డేరాలు పీక్కుని వెళ్లిపోయారు. మోసుకుపోలేనివన్నీ వదిలేసి పోయారు. గుండ్లు వచ్చి తగలడానికి పోసిన పెద్ద మట్టికట్ట, పైకప్పు లేని నాలుగు గదులు, నున్నటి గచ్చు నేల, వాన నీళ్లు నిలిచే ఒక సిమెంటు హౌజు. మా ఊళ్లో ఆ జాగాని చాంద్‌మారి అనేవాళ్లు. పెద్దవాళ్లు అటు పోవద్దనేవారు, అందుకే మేము పొద్దున లేస్తే అక్కడే ఉండేవాళ్లం.

మేము అంటే నేను, నా తమ్ముడు. నాకు తొమ్మిదేళ్లు, వాడికి ఆరు. ఆ గదుల్లో ఒక గోడ మీద నల్లరంగుతో మనిషి బొమ్మ గీసి ఉండేది, దాని గుండెల నిండా చిల్లులే. వాడు దానికి రోజూ సలాం కొట్టి గానీ లోపలికి వచ్చేవాడు కాదు. గచ్చు పగుళ్లలో తుప్పు పట్టిన బకిల్సు, ఇత్తడి గుండీలు దొరికేవి. వాన పడిన మర్నాడైతే మట్టికట్ట కడుక్కుపోయి సీసపు ముక్కలు బయటపడేవి. ఏం దొరికినా వాడు నా దగ్గరికే పట్టుకొచ్చేవాడు, ఇదేందక్కా అని. నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. తెలియదు అన్న మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. ఎందుకొస్తుంది? నేను మా తాత మనవరాలిని.

మా తాత రాళ్లు పేల్చే మేస్త్రీ. బావి తవ్వుతుంటే బండ అడ్డం వచ్చిందంటే చుట్టుపక్కల పది ఊళ్లవాళ్లు ఆయన కోసమే వచ్చేవారు. బండ చుట్టూ ఒకసారి తిరిగి, సుత్తెతో అక్కడక్కడ తట్టి, ఇక్కడ గుంత కొట్టండి అని వేలు పెట్టి చూపేవాడు. గుంతలో బారూదు దట్టించి, వత్తి పెట్టి, అందర్నీ దూరం తరిమి అంటించేవాడు. ఆయన గీసిన గీత మీదే బండ చీలేది. నేను మధ్యాహ్నం సద్ది మోసుకెళ్లి, ఆయన తింటున్నంతసేపూ పక్కన కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేదాన్ని. ఒక్కదానికీ విసుక్కునేవాడు కాదు, ఒక్కదానికీ జవాబు లేకుండా ఉండేవాడు కాదు. ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు.

అలా నేర్చుకున్న వాటిలో ఒకటి తడి సంగతి. వత్తి అంటించాక ఒక్కోసారి ఏదో ఒక గుంత పేలకుండా ఉండిపోతుంది. అప్పుడు మా తాత దాని నిండా నీళ్లు పోయించి, దానంతట దాన్ని వదిలేసి, పనివాళ్లని ఇళ్లకు పంపేసేవాడు. ఎందుకు తాతా అంటే, తడిసిన బారూదు మట్టితో సమానం, ఇగ దానితో ఫికర్ లేదు అనేవాడు. ఆ ముక్క నేను మనసులో భద్రంగా దాచుకున్నాను. దాచుకోవడమే కాదు, ఎప్పుడు వాడదామా అని ఎదురు చూశాను కూడా.

ఆ యేడు వానలు గట్టిగా పడ్డాయి. ఒకరోజు పొద్దున మేము వెళ్లేసరికి మట్టికట్టలో ఒక పక్కంతా జారిపోయి ఉంది. ఆ మట్టిలోంచి సొరకాయంత ఇనుప గుండు ఒకటి మూతి బయటికి పెట్టింది. ఒళ్లంతా తుప్పే గానీ మూతి మాత్రం ఇత్తడిది, కోసుగా, అచ్చం బొంగరంలా ఉంది. నా తమ్ముడు దాన్ని చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఊళ్లో పిల్లలందరికీ ఉన్నవి కట్టె బొంగరాలు, వాడికి అదీ లేదు. ఇత్తడి బొంగరం ఎవడి దగ్గరా లేదు. అక్కా, ఇది ఊడగొట్టొచ్చా, అని అడిగాడు. లోపల బారూదు ఉంటుందని నాకు తెలుసు. మిలిటరీ వాళ్లదైనా బారూదు బారూదే కదా అనుకున్నాను. మూడు దినాలు నీళ్లలో నానబెడదాం, తర్వాత ఉలి పెట్టి కొట్టుకో, ఏం కాదు, అన్నాను. ఇద్దరం కలిసి ఆ గుండుని చెరో పక్కా పట్టుకుని తీసుకెళ్లి హౌజు నీళ్లలో దించాం. అప్పుడు నాకు నేనే ఓ మేస్త్రీలా అనిపించింది.

మూడో రోజు వచ్చింది. పొద్దున్నే వాడు ఇంట్లోంచి చిన్న సుత్తె, ఉలి తీసి పెట్టుకున్నాడు. నేను తాతకి సద్ది ఇచ్చి వస్తాను, అంతదాకా ఆగు, ఇద్దరం కలిసి కొడదాం అని చెప్పి, ఆయన అప్పుడు పనిచేస్తున్న రాళ్ల క్వారీకి వెళ్లాను. తాత జొన్నరొట్టె తుంచి తొక్కులో అద్దుతున్నాడు. గొప్ప చెప్పుకోకుండా ఉండటం అప్పుడూ నాకు చేతకాదు, ఇప్పుడూ చేతకాదు. గుండు దొరికిన సంగతి, నానబెట్టిన సంగతి, ఇవ్వాళ్టికి మూడు దినాలైన సంగతి, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి, మెచ్చుకుంటాడని ఆయన మొహంలోకి చూశాను. ఆయన చేతిలోని ముక్క చేతిలోనే ఉంది.

“సుత్తె ఎవరి దగ్గరుంది?” అన్నాడు.

తమ్ముడి దగ్గర, వాడు చాంద్‌మారి దిక్కే పోయిండు అన్నాను. రొట్టె అక్కడే పడేసి లేచాడు. మా తాత పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆయన వెనక నేను ఏడుస్తూ పరుగెత్తాను. ఎందుకు ఏడుస్తున్నానో నాకు పూర్తిగా తెలియదు, ఆయన పరుగు చూస్తేనే ఏడుపు వచ్చేసింది.

పైకప్పు లేని గదులు దాటగానే హౌజు కనిపించింది. నా తమ్ముడు నా కోసం ఆగలేదు. గుండుని ఎలాగో నీళ్లలోంచి పైకి లాగి, హౌజు పక్కన ఇసుకలో కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమచేతిలో ఉలి, కుడిచేతిలో సుత్తె. ఉలి మొన ఇత్తడి మూతికి ఆనించి, ఎక్కడ కొడితే బాగుంటుందా అని తల వంచి చూస్తున్నాడు.

నేనైతే అరిచేదాన్నే. తాత వెనక్కి చెయ్యి చాపి నా నోరు మూశాడు. ఇరవై అడుగుల దూరంలో ఆగి, ఊపిరి సర్దుకుని, ఏ తొందరా లేనట్టు గొంతుక్కూర్చున్నాడు. రాళ్లపని వాళ్లకి ఒక పద్ధతి ఉంది. కొత్త బండ మీద మొదటి దెబ్బ ఇంటిపెద్ద వేయాలి. పసుపు కుంకుమ పెట్టి, తలపాగా సర్దుకుని, ఆయన ఒక్క దెబ్బ వేశాకే మిగతావాళ్లు సుత్తె ఎత్తుతారు. మా ఇంట్లో పాకే పిల్లకు కూడా ఆ సంగతి తెలుసు.

“ఏందిరా కొడుకా,” అన్నాడు తాత, అలిగినట్టు. “నేనుండంగ మొదటి దెబ్బ నువ్వేస్తవా? గిదేం పద్ధతిరా?”

వాడు తలెత్తాడు. మొహమంతా సిగ్గు. సుత్తె కిందికి దించాడు.

“దాన్ని ఇసుకల జర మెల్లగ పండవెట్టు. సంటిపిల్లను పండవెట్టినట్టు. ఆ... గట్ల. ఇగ సుత్తె తెచ్చి నా చేతికియ్యి.”

వాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. పద్ధతి తప్పానని బాధపడుతూ, తల వంచుకుని ఆ ఇరవై అడుగులూ నడిచి వచ్చి, సుత్తెని రెండు చేతులతో తాతకి అందించాడు. తాత ఒక చేత్తో సుత్తె, ఇంకో చేత్తో వాడి మణికట్టు పట్టుకున్నాడు. ఆ తర్వాత వాడిని ఎత్తి భుజాన వేసుకుని, నా జుట్టు పట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచాడు. గుట్ట మలుపు తిరిగాక గానీ ఆగలేదు. వాడు ఇంకా భుజం మీద నుంచే, తాతా, మొదటి దెబ్బ వేసి నాకిస్తవా, అని అడుగుతున్నాడు.

గంటలో ఊరంతా పోగైంది. తాత గుట్ట మలుపు దగ్గర కర్రకి ఎర్రగుడ్డ కట్టి, దారికి అడ్డంగా కూర్చున్నాడు. మిలిటరీ వాళ్లకి కబురు పంపండి, వాళ్లు వచ్చేదాకా మనిషి గాదు, మేక గూడ అటు పోవద్దు అన్నాడు. క్వారీ గుత్తేదారు కూడా వచ్చాడు. ఆయనకి పని ఆగడం ఇష్టం లేదు, మిలిటరీ వాళ్లు ఊళ్లోకి రావడం అసలే ఇష్టం లేదు.

“నలభై ఏండ్ల సంది గుట్టలు లేపుతున్నవు. గింత దానికి పరేషాన్ అయితున్నవేంది? తీస్కపోయి ఏ బొందలనో పడెయ్యక,” అన్నాడు అందరికీ వినిపించేలా.

“గుట్ట నాకు తెలుసు,” అన్నాడు మా తాత. “గిది నాకు తెల్వదు.”

కొందరు నవ్వారు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టైంది. పది ఊళ్లకు మేస్త్రీ, నా ప్రశ్నలన్నింటికీ జవాబున్న మనిషి, ఊరందరి ముందు తెల్వదు అంటాడా? ఏదో ఒకటి చెప్పొచ్చు కదా అని కోపం కూడా వచ్చింది. ఆయన చోట నేనుంటే అలాగే చేసేదాన్ని. ఆయన మాత్రం తల వంచలేదు, గొంతు తగ్గించలేదు. ఏ బండ ఎక్కడ చీలుతుందో చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎలా ఉంటుందో అప్పుడూ అలాగే ఉంది.

ఇంతలో మా అమ్మ నన్ను కొట్టడానికి వచ్చింది. కొట్టాల్సిందే, న్యాయం. తాత ఆపాడు.

“దాన్ని అనకు. అది నా మాట పట్టుకునే చేసింది. నేను చెప్పింది మన బారూదు సంగతి. గుండ్ల సంగతి నాకు తెల్వదని పిల్లకు చెప్పకపోతిని. తప్పు నాది.”

మర్నాడు పొద్దున మిలిటరీ వాళ్లు వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఆ గుండు చూసి వచ్చి, ఇది ఇంకా బతికే ఉంది, మూడు రోజులు కాదు మూడేళ్లు నానబెట్టినా దీనికేం కాదు, ఆ మూతి మీద ఒక్క దెబ్బ పడితే చాలు అన్నాడు. ఊరివాళ్లని ఇంకా దూరం జరిపి, దాన్ని ఉన్నచోటనే పేల్చేశారు. పొగ తగ్గాక వెళ్లి చూస్తే హౌజు లేదు, దాని చోట పెద్ద గుంత ఉంది. సలాం కొట్టించుకున్న గోడ కూడా లేదు. నా తమ్ముడు ఆ గుంత అంచున నిలబడి చాలాసేపు చూశాడు. బొంగరం మాట మళ్లీ ఎత్తలేదు. గుత్తేదారు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

తాత నాకు విడిగా పాఠమేమీ చెప్పలేదు. నేనే కనిపెట్టాను. ఆ రోజు తర్వాత కూడా ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. ఆయన చాలావాటికి జవాబు చెప్పేవాడు, కొన్నింటికి తెల్వదు బిడ్డా అనేవాడు. అలా అనడం మొదలుపెట్టాక ఆయన తెలుసు అన్నవాటి మీద నాకు నమ్మకం రెట్టింపైంది. ఆ ఇరవై అడుగుల దూరంలో ఆయనకి తెలిసింది ఒక్కటే, వాడు ఏ మాట వింటాడో. ఆ ఒక్కదానితోనే నా తమ్ముడిని వెనక్కి తెచ్చాడు. వాడికి ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. చందానగర్‌లో ఉంటాడు, ఆదివారం వస్తే ఫోన్‌లో నాతో పోట్లాడతాడు.

నేను పెద్దయ్యాక నర్సు పని నేర్చుకున్నాను. కొత్తగా చేరిన నెలలోనే, ఒకరోజు పొద్దున, జ్వరంతో మూలుగుతున్న నాలుగేళ్ల పిల్లకి సూది వేయాల్సి వచ్చింది. నా చేతికి ఇచ్చిన సీసా మీద చీటీ ఊడిపోయి ఉంది. అదే డబ్బాలోది, అదే అయ్యుంటుంది, వేసెయ్యి అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. అందరూ నాకంటే పెద్దవాళ్లు, పని తెలిసినవాళ్లు. నాకేమో అన్నీ తెలిసినదాన్ని అనిపించుకోవాలని కొండంత ఆశ. సూది తీసి పళ్లెంలో పెట్టాను. ఇది ఏందో నాకు తెల్వదు, నేను వెయ్యను అన్నాను. వాళ్లు నవ్వారు. పిల్ల తల్లి నన్ను తిట్టిపోసింది. స్టోరు తాళం తీయించి, చీటీ ఉన్న సీసా తెప్పించేసరికి అరగంట పట్టింది. ఆ అరగంట ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నాలుగు రోజులకి తల్లి చంకనెక్కి ఇంటికి పోయింది.

మొదటి సీసాని నా చేత్తోనే పారేశాను. ఇది ఎప్పుడు చెప్పినా మా మనవరాలు అడుగుతుంది, ఇంతకీ అందులో ఏముండె నానమ్మా అని. సరైన మందే కావచ్చు, కాకపోవచ్చు. నాకు తెల్వదు బిడ్డా.