పాట కట్టేవాళ్ళకు మొదటి పాఠం

నాకు చెవి పొగరు ఎక్కువ. మా ఇంట్లో అందరూ అనే మాటే ఇది, నేనూ కాదనను. పక్కింటి పెళ్ళిలో బ్యాండువాళ్ళు ఇసుమంత శ్రుతి తప్పితే నాకు విందులో అన్నం సహించేది కాదు. సిద్దిపేటలో పిల్లలకు సంగీతం చెప్పుకుంటూ, చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళకు జానపద పాటల బాణీలు కట్టి ఇస్తూ ఏళ్ళు గడిపాను. గొంతు దేవుడిస్తాడు, చెవి మాత్రం మనమే సంపాదించుకోవాలి అని ప్రతి కొత్త పిల్లకూ చెప్పేదాన్ని. రెండుసార్లు చెప్పినా పట్టుకోకపోతే, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని కసిరేదాన్ని. ఆ సామెత ఇప్పుడు నా నోట రాదు.

పాటలు కట్టాలనుకునే కొత్తవాళ్ళకు ఫోన్లోనే నేర్పే కోర్సు ఒకటి తయారు చేసిపెట్టమని హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ నన్ను అడిగింది. ఆ పని చూసే అమ్మాయి రోజూ వీడియో కాల్‌లో కనిపించేది. దాన్ని లెర్నింగ్ పాత్ అనేది. అంటే ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తేలాలో ముందే వేసిపెట్టిన బాట. నాకు ఆ ఊహ బాగా నచ్చింది. ఇంట్లో అద్దాల బీరువా తలుపు మీద కాగితపు ముక్కలు అంటించి, తీసి, మళ్ళీ అంటించి వరుస కుదుర్చుకున్నాను. మొదట వినడం. తర్వాత ఒకే స్వరం మీద కదలకుండా నిలబడడం. ఆ తర్వాత చప్పట్లతో పాట నడక పట్టుకోవడం. అవన్నీ వచ్చాకే నాలుగు వరుసల మాటలకు సొంత బాణీ కట్టడం. వాద్యాలు, హంగులు అన్నిటికంటే చివర.

"మేడం, ఫస్ట్ లెసన్‌లోనే ఒక చిన్న పాట కట్టించేద్దాం. లేకపోతే జనం మధ్యలోనే వెళ్ళిపోతారు" అంది ఆ అమ్మాయి.

"పోతే పోనియ్. చెవి కుదరకుండ పాట కట్టుడంటే గోడలు లేకుండ కప్పు ఏసినట్టే" అన్నాను నేను.

అంతటితో ఆగలేదు. ప్రతి మెట్టుకూ తాళం కప్ప ఉండాలని పట్టుబట్టాను. నేర్చుకునేవాళ్ళు నా వీడియో చూసి, నాలాగే పాడి, తమ గొంతు రికార్డు చేసి పంపాలి. యాప్ తాను వినిపించే శ్రుతితో పోల్చి దాన్ని కొలుస్తుంది. శ్రుతిలో ఉంటే ఆకుపచ్చ గీత, తప్పితే ఎర్ర గీత. ఆకుపచ్చ గీత వస్తేనే రెండో మెట్టు తెరుచుకుంటుంది. ఆ అమ్మాయి ఇంత కఠినం ఎందుకని గొణిగినా నేను వినలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున తలస్నానం చేసి వచ్చాక ఎడమ చెవి మూసుకుపోయింది. నీళ్ళు పోయాయనుకున్నాను. ఒంటికాలి మీద గెంతాను, తల వంచి దులిపాను. సాయంత్రానికి లోపల ఒక హోరు మొదలైంది. వీధి చివర కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే వినబడుతుందే, అచ్చం అట్లాంటిది. అది ఎక్కడినుంచో వస్తోందని కిటికీ మూసి చూశాను. కిటికీ మూసినా ఆగలేదు.

మా అత్తమ్మ వెల్లుల్లి కాచిన నూనె గోరువెచ్చగా చేసి తెచ్చింది. "సలి జేసింది బిడ్డా, రెండు సుక్కలేస్తే తెల్లారెటాలకు ఇడుస్తది" అంది. మా ఆయన మాత్రం ఊరుకోలేదు. "చెవి సంగతి గిది, ఆటలాడద్దు. దవాఖానకు పోదాం పా" అన్నాడు. నేను జలుబని కొట్టిపారేశాను. నిజం ఏమిటంటే నాకు భయం. డాక్టరు పేరు పెట్టనంతవరకూ అది రోగం కాదు, పేరు పెడితే అయిపోతుందని నా లెక్క. ఇంకో భయం కూడా ఉంది. సంగీతం మేడమ్‌కు చెవి పోయిందట అని ఒక్కరు అంటే చాలు, కూరగాయల మార్కెట్ దాటేలోపే ఆ మాట ఊరంతా చుడుతుంది. ఆపైన నా దగ్గరికి పిల్లలను ఎవరు పంపుతారు?

నాలుగు రోజులకు హోరు కాస్త తగ్గింది. తగ్గిందంటే బాగయిందనే నమ్మాను, నమ్మాలనిపించింది కాబట్టి. ఆ ఊపులోనే మొదటి పాఠం రికార్డు చేశాను. స్టూడియోలలో పాడీ పాడీ నాకొక అలవాటు ఉంది. శ్రుతి వినబడే ఇయర్‌ఫోన్ ఎడమ చెవికే పెట్టుకుంటాను. నా గొంతు నాకు తెలియాలని కుడి చెవి వదిలేస్తాను. అలాగే పెట్టుకుని, మొదటి స్వరం షడ్జమం మీద నిలబడి హాయిగా పాడి పంపించాను. ఎంత బాగా కుదిరిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మొదట పరీక్ష కోసం కొద్దిమందినే చేర్చుకున్నాం, అందరూ ఈ చుట్టుపక్కల వాళ్ళే. వాళ్ళలో రాయపోల్ నుంచి ఒకామె ఉంది. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది, ఆదివారం తమ చర్చిలో పాడే పాటలకు తనే బాణీలు కడుతుంది. అందరికంటే ముందు ఫోన్ చేసింది ఆమే.

"మేడం, మీరు పాడినట్టే పాడుతున్న. ఎన్నిసార్లు పాడినా ఎర్ర గీతనే వస్తుంది."

ఆ తర్వాత మిగతావాళ్ళూ అదే మాట. ఒక్కరికీ మొదటి తాళం తెరుచుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. హైదరాబాదు అమ్మాయికి ఫోన్ చేసి, మీ యాప్‌కు ఇంగితం లేదని దులిపేశాను. ఆమె ఓపికగా విన్నది. మర్నాడు మళ్ళీ చేసింది.

"టెక్నికల్ టీమ్ చూశారు మేడం. అందరూ శ్రుతి కంటే సరిగ్గా ఒకే కొలత తక్కువలో పాడుతున్నారట. బగ్ అయితే ఇలా ఒకే తీరుగా రాదంటున్నారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతట అదే ఎడమ చెవి మీదికి పోయింది. వీడియో కాల్ కాదు కాబట్టి ఆమె చూడలేదు.

వాళ్ళు పాడినవన్నీ తెప్పించుకుని మధ్యాహ్నం పూట హార్మోనియం ముందు కూర్చున్నాను. ఫోన్ కుడివైపు పెట్టి, హార్మోనియం మీద షడ్జమం నొక్కిపట్టి ఒక్కొక్కరిదీ విన్నాను. మొదటి గొంతు కిందికి జారి ఉంది. రెండోదీ అంతే. ఇదేం మందరా, ఒక్కరికీ చెవి లేదని మొదట కోపమే వచ్చింది. మూడో గొంతు దగ్గర కోపం ఆగిపోయింది. ఒకటి ఆడ గొంతు, ఒకటి బొంగురు గొంతు, ఒకటి వయసు మళ్ళిన గొంతు. ఎవరికి వాళ్ళు తప్పు పాడితే తలా ఒక రకంగా తప్పాలి కదా. వీళ్ళంతా ఒకే చోటికి జారి, అక్కడే గట్టిగా, నమ్మకంగా నిలబడ్డారు. ఈ తప్పును ఎవరో వీళ్ళకు నేర్పారు.

నా పాఠం పెట్టడానికి చాలాసేపు వేలు లేవలేదు. పెట్టాను. నా గొంతూ అక్కడే ఉంది.

ఇయర్‌ఫోన్‌లో శ్రుతి పెట్టి ముందు కుడి చెవికి ఆనించాను, తర్వాత ఎడమ చెవికి. ఒకే శ్రుతి. ఎడమవైపుకు రాగానే అది కిందికి దిగిపోయింది. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. నా తలలో రెండు షడ్జమాలు ఉన్నాయి. అప్పుడు వచ్చిన భయం జీవితంలో ఇంకెప్పుడూ ఎరగను. నొప్పి లేదు, రక్తం లేదు, ఇల్లు ఇల్లులాగే ఉంది, వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. నేను మాత్రం నా తలలో మోగే ఏ బాణీనీ నమ్మలేని మనిషినయ్యాను.

రాయపోల్ ఆమెకు ఫోన్ చేశాను. "నిజం చెప్పు. నేను పాడింది తప్పని నీకు అనిపించలేదా?"

"అనిపించింది మేడం. కని మీరు పాడినంక తప్పెట్లయితది? నా చెవే మంచిగ లేదనుకున్న. గొంతు గాడికి దించెతందుకు మస్తు తండ్లాడిన."

"మళ్ల నాకెందుకు చెప్పలే?"

"మీకు చెప్పుడేంది మేడం! ఆదివారం చర్చిల కీబోర్డు వాయించేటాయన లొల్లి పెట్టిండు, కింద పాడుతున్నవని. మా మేడం గిట్లనే పాడింది, నువ్వే సరిజేసుకో అని ఆయననే గద్దించిన."

ఇంకో రోజయితే పడీ పడీ నవ్వేదాన్ని. మన దగ్గర గురువు పాడితే అదే శ్రుతి. నేనే అలా పెంచాను నా పిల్లలను. కంచె చేను మేస్తుంటే చేను నోరెత్తలేదు, పైగా తలవంచి మేపింది.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన ఒక్క మాట దెప్పలేదు, మర్నాడు దవాఖానకు తీసుకెళ్ళాడు. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. కుడివైపు గబగబా నొక్కాను. ఎడమవైపు వచ్చేసరికి, అద్దం అవతల అమ్మాయి వేళ్ళు మిషన్ మీద కదులుతున్నాయి, నాకేమో ఏమీ వినబడదు. ఆమె శబ్దం పంపిందా, ఇంకా పంపలేదా అని ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఒకసారి వినబడకుండానే నొక్కాను. పరీక్షలో కాపీ కొట్టే పిల్లలాగా.

డాక్టరు కుర్రవాడే, మెత్తగా మాట్లాడాడు. "లోపలి నరానికి దెబ్బ తగిలిందమ్మా. మూసుకపోయిన రోజే వస్తే మంచిగుండె. చెవిలకే ఇంజెక్షన్లు ఇద్దాం."

"వస్తదా సార్?"

"కొందరికి వస్తది, కొందరికి రాదు. ఇప్పుడే చెప్పలేం."

ఇంజెక్షన్ల మధ్య రోజుల్లో హైదరాబాదు అమ్మాయికీ విషయం చెప్పాను. ఆమె నిజంగానే బాధపడింది. తర్వాత దారి కూడా చూపింది. "మీ గొంతును సాఫ్ట్‌వేర్‌లో కొంచెం పైకి లేపేస్తాం మేడం. పాఠం మళ్ళీ పాడే పని కూడా లేదు. ఎవరికీ తెలియదు." సరేననాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఊళ్ళో పేరు నిలుస్తుంది, కోర్సు నిలుస్తుంది. కానీ నా తప్పులోకి గొంతు దించుకున్నవాళ్ళు, తమ చెవే మంచిది కాదనుకుని అలాగే ఉండిపోతారు కదా. చెవిని నమ్మడం నేర్పడానికి పెట్టిన మొదటి మెట్టు అది. వద్దన్నాను. అందరికీ నేనే ఫోన్ చేసి, తప్పు నాదని, మీ చెవులు సరిగ్గానే ఉన్నాయని చెప్పాను.

ఇంజెక్షన్లు అయిపోయాయి. హోరు పోయింది. రెండు చెవుల్లోనూ శ్రుతి ఒక్కటిగానే వినబడుతున్నట్టుంది. నయమైందని అత్తమ్మ సర్వపిండి చేసి పెట్టింది. పాఠం మళ్ళీ రికార్డు చేయడానికి సిద్ధమయ్యాను. అయినా ఒంటరిగా పాడే ధైర్యం లేక, రాయపోల్ ఆమెను రమ్మన్నాను. బస్సు దిగి నేరుగా ఇంటికి వచ్చింది. మంచినీళ్ళు ఇచ్చి, హార్మోనియం ఆమె ముందు పెట్టి, షడ్జమం నొక్కిపట్టమన్నాను. పాడాను.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది మేడం" అంది, ముఖం చూడకుండా.

ఆ మంచిగున్నది ఎలాంటిదో నాకు తెలుసు. "నా దిక్కు చూడకు. కండ్లు మూసుకో. హార్మోనియం పెట్టె విను, నన్ను విను, అప్పుడు చెప్పు" అని మళ్ళీ పాడాను. నాకు రెండూ ఒకటిగానే వినబడ్డాయి.

"ఇంకా కిందనే ఉన్నది మేడం."

"ఎంత?"

"జరంతనే. గోరంత." అంటూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, తానే నన్ను కొట్టినట్టు.

"ఏడ్వకు. నాకు భయమైతున్నది, నువ్వు ఏడిస్తే ఇంకింత భయమైతది" అన్నాను. ఇంతవరకూ ఏ శిష్యురాలి ముందూ ఆ మాట అనలేదు. "నువ్వు పాడు. పాఠంల నీ గొంతే పెడదాం. నేను నీ ఎంబడి వస్త."

ఆమె కళ్ళు తుడుచుకుని పాడింది. ఫోన్‌లో గీత ఆకుపచ్చగా నిలబడింది. నేను ఆమె వెనక మెల్లగా అందుకున్నాను. నా శ్రుతి తగ్గినప్పుడు ఆమె పాడుతూనే చెయ్యి కొద్దిగా పైకి లేపింది. నేనూ పెంచాను. ఇంకొంచెం లేపింది, ఇంకొంచెం పెంచాను. ఆమె చెయ్యి ఆగింది. అక్కడ ఆగాను. అది షడ్జమమేనా అన్నది నాకు తెలియలేదు. ఆమె చెయ్యి ఆగింది కాబట్టి నమ్మి, ఊపిరి ఉన్నంతసేపూ అక్కడే నిలబడ్డాను.