రెండు గుడ్డల నడుమ కత్తెర

మా బురానో దీవిలో ఒక లేసు పువ్వుకు ఏడుగురు ఆడవాళ్ళు కావాలి. ఒకరు రెండు పొరల గుడ్డమీద గీసిన గీత వెంట దారం పరిచి టాకాలు వేస్తారు, ఒకరు రేకులు నింపుతారు, చివరి మనిషి పువ్వును గుడ్డనుంచి విడదీస్తుంది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు.

నెరీనా పెళ్ళయి వచ్చిననాటినుంచీ రేకులే నింపింది. విడదీసే ఆవిడ చనిపోవడంతో, పాతకాలపు చేతిపనుల ప్రదర్శన కోసం ఆ పనీ నేర్చుకుంది. ఐదు వందల ఏళ్ళ కిందటి పద్ధతిలో, జనం ఎదుట, లేసును విడదీసి చూపాలి. దాని గీత దారం పరిచింది ఆమె అత్తగారు ఎల్డా. చూపు పూర్తిగా పోకముందు ఆమె చేసిన చివరి పని అది. ఆ చేతికి తప్పు రాదని దీవిలో పేరు.

ప్రదర్శన రోజున నెరీనా రెండు పొరల గుడ్డను మెల్లగా ఎడం చేసి, నడుమ కనిపించే సన్నని టాకాలను ఒక్కొక్కటే తెంపుతోంది.

"చేతులు వణుకుతున్నాయా?" ముందు వరుసలోంచి ఎల్డా అడిగింది.

"లేదత్తయ్యా."

"కత్తెర చప్పుడే చెబుతోంది. చేపలు కోసేటప్పుడు లేని వణుకు ఇప్పుడెందుకే?"

దీవి ఆడవాళ్ళు నవ్వారు. కత్తెర ఆగింది. గుడ్డల నడుమ ఉన్నది టాకా కాదు, లేసు దారమే. పరిచేటప్పుడు రెండు పొరల్లోకీ దిగిపోయింది. దాన్ని తెంపితే పువ్వు విడిపోతుంది. తెంపకపోతే లేసు గుడ్డను వదలదు.

నెరీనా కత్తెర దించింది. "క్షమించండి. రేకులు నింపేటప్పుడు గుడ్డనూ కలిపి కుట్టేశాను."

నవ్వులు ఆగిపోయాయి.

"అబద్ధం," అంది ఎల్డా. "నీ సూది ఏనాడూ గుడ్డ ముట్టలేదు. అది రేకు దారమా, గీత దారమా?"

నెరీనా గుడ్డను ఒళ్ళోకి లాక్కుంది.

"నిన్నే అడుగుతున్నా!"

"గీత దారం, అత్తయ్యా."

"అయితే నాదే. నా తప్పు నెత్తిన వేసుకోమని నీకెవరు చెప్పారు?" ఎల్డా కుర్చీలోంచి ముందుకు జరిగింది. "దారం ముట్టకు. చుట్టూ గుడ్డ కత్తిరించు."

"వెనక ముక్క ఉండిపోతుంది. అందరికీ కనిపిస్తుంది."

"కనిపించనీ. నాకెలాగూ కనిపించదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నెరీనా ఆ దారం చుట్టూ గుడ్డలో కత్తెర తిప్పింది. మిగతా టాకాలు తెగాయి. పువ్వు లేచి వచ్చింది, ఒక రేకు వెనక గోరంత నీలిగుడ్డతో.

ఆమె దాన్ని ఎల్డా అరచేతిలో పెట్టింది. ముసలి వేలు అంచు వెంట మెల్లగా నడిచి, ఆ ముక్క దగ్గర ఆగింది.

"ఇదేనా?"

"అదే, అత్తయ్యా."

"చూడనివ్వు వాళ్ళని," అంటూ ఎల్డా పువ్వును పక్కనున్న ఆవిడకు అందించింది, వెనకవైపు పైకి ఉండేలా.